వారంటీ గడువు తీరిన పిదప

మన తాతల కాలమున గృహోపకరణములనగా రోలు, రోకలి, తిరుగలి, కవ్వము, చేద మొదలగునవి. వానిలో ఏది చెడినను, చెడుటకు గల కారణము కంటికి కనబడుచుండెడిది. తిరుగలి నునుపెక్కి పిండి సరిగా రాకున్నచో గృహిణి ఆ రాతిని చేతితో తడిమి చూచి తెలిసికొనెడిది. ఉలితో గంట్లు పెట్టువాడు వీధివెంట కేకవేయుచు వచ్చినపుడు పిలిచి, బేరమాడి, తన కన్నుల యెదుటనే బాగుచేయించుకొనెడిది. పని కుదిరినదో లేదో మరునాటి పిండియే చెప్పెడిది. కవ్వము విరిగినచో వడ్రంగియు, చేద చిల్లిపడినచో మాట్లు వేయువాడును దగ్గరలోనే ఉండెడివారు. చేసినవాడు, అమ్మినవాడు, బాగుచేయువాడు అందరును ఎదుటనే యుండుటచేత ఎవరిని అడుగవలెనను సందేహమే కలుగకుండెడిది.

నేటి యిల్లు వేరు. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, మిక్సీ, గీజరు, ఏసీ మున్నగునవన్నియు మూతవేసిన పెట్టెలు. ఒక రాష్ట్రమున తయారై, మరియొక రాష్ట్రమున గోదాములో నిలువయుండి, మన వీధిలోని దుకాణమునకు వచ్చును. లోపలి భాగములలో కొన్ని విదేశములనుండి వచ్చినవై యుండును. ఆ పెట్టె పనిచేయుట మానినపుడు, మానినదన్న సంగతి తప్ప మనకు మరేమియు తెలియదు. ఏల మానినది? అది మన వాడుక లోపమా, చేసినవారి లోపమా? తెలిసినవాడు కంపెనీవాడు, తెలియనివాడు కొన్నవాడు. నేను ఇచ్చట చెప్పబోవు న్యాయసూత్రములన్నియు ఈ తెలియమినుండి పుట్టినవే.

ఒక ఉదాహరణము తీసికొందము. తెనాలిలో ఇంటివద్ద బట్టలు కుట్టి జీవించు ఒక గృహిణి 26,000 రూపాయలకు ఒక ఫ్రిజ్జు కొన్నదనుకొనుడు. ఆ సొమ్మును ఆమె ఒక్కసారిగా ఇచ్చుకొనలేక నెలకింతయని వాయిదాలుగా కట్టుచున్నది. కొన్న పదవనెలలో ఫ్రిజ్జులో చల్లదనము తగ్గెను. కంపెనీ మెకానిక్కు వచ్చి, గ్యాసు తగ్గినదని చెప్పి, నింపి వెళ్లెను. పదునాలుగవ నెలలో, నడివేసవిలో, మరల అదే జబ్బు. ఈసారి మెకానిక్కు పెట్టెను తెరచి చూచుటకు ముందే బిల్లు తేదీని చూచెను.

“గడువు తీరి రెండు నెలలైనదమ్మా! గ్యాసుకును కూలికిని కలిపి 4,000 రూపాయలగును.”

“క్రిందటిసారి వచ్చినదియు ఇదే గదా, బాబూ! అప్పుడు సరిగా చేసియుండినచో ఇప్పుడేల వచ్చును?”

“అది నాకు తెలియదమ్మా. వారంటీ లేదు గనుక మేము చేయగలిగినది లేదు.”

వాయిదాలు ఇంకను నాలుగు మిగిలియున్నవి. ఆమె వాదింపలేక ఊరకుండెను. మన యిండ్లలో నూటికి తొంబదిమంది ఊరకుందురనుటలో అతిశయోక్తి లేదేమో! కాని ఆ మెకానిక్కు చెప్పిన మాట సగము మాత్రమే నిజము. మిగిలిన సగమేదో చూతము.

వారంటీ యనునది తయారుచేసినవాడు తనంతట తాను ఇచ్చు ఒక వాగ్దానము. “ఇన్ని నెలలలోపల చెడినచో, ఈ నియమములకు లోబడి, ఉచితముగా బాగుచేసి యిత్తును” అని అందులో నుండును. సాధారణముగా యంత్రమంతటికి ఒక సంవత్సరము, కంప్రెసరు వంటి ముఖ్యభాగమునకు 5 లేక 10 సంవత్సరములు అని వ్రాయుదురు. పెద్ద అక్షరములలోని ఆ “10”ని చూచి సంతోషించువారు, దాని క్రింద చిన్న అక్షరములలో “గ్యాసు, కూలి, రవాణా ఖర్చులు కొనుగోలుదారువే” అని యున్నదేమో కూడ చూడవలెను. ఆ చిన్న అక్షరములను చదువుటకు భూతద్దమును కూడ కార్డుతోపాటు ఇచ్చినచో బాగుండును. అది యటుండనిండు. గడువు తీరినపుడు ముగియునది ఈ వాగ్దానము మాత్రమే. వస్తువును గూర్చి చట్టము కొనుగోలుదారునకు ఇచ్చిన హక్కు వేరు. అది కార్డుమీద పుట్టినది కాదు గనుక కార్డుతో గతింపదు.

ఆ హక్కు ఒక్కనాటిలో రాలేదు. పూర్వము ఇంగ్లండు న్యాయస్థానములు “కొనువాడే జాగ్రత్తపడవలెను” అను సూత్రమును పాటించెడివి. నీళ్లలోని బర్రెను బేరమాడినవాడు, ఒడ్డుకు వచ్చిన తరువాత అది కుంటిదని ఏడ్చి లాభములేదన్నమాట. బర్రెను ఒడ్డుకు రప్పించి చూచుటకు అవకాశమున్న రోజులలో ఆ సూత్రము కొంతవరకు చెల్లినది. వస్తువులు పెరిగి, కొనువాడు అమ్మువాని నేర్పుమీద ఆధారపడవలసిన కాలము వచ్చుటతో అది సడలినది. మనదేశమున 1930లో వచ్చిన వస్తువిక్రయ చట్టము 16వ సెక్షనులో ఈ మార్పు కనబడును. తనకు ఏ పనికి కావలయునో చెప్పి, అమ్మువాని తెలివిని నమ్మి కొన్నయెడల, వస్తువు ఆ పనికి తగినదై యుండవలెనను నియమము, ప్రత్యేకముగా వ్రాయకున్నను, ఆ బేరములో ఉన్నట్లే భావింపబడును. తద్విరుద్ధమైన ఒప్పందము లేకుండినచో అది అమలగును. నియమము మంచిదే. అయినను దానికై సివిలు కోర్టుకు పోవలసి యుండెను. ఒక మిక్సీకొరకు ప్లీడరును పెట్టుకొని ఏండ్లతరబడి తిరుగువాడెవడు?

1962 మార్చి 15వ తేదీన అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ తమ శాసనసభకు పంపిన సందేశములో వినియోగదారులకు నాలుగు హక్కులు కలవని చెప్పెను: రక్షణ పొందుట, విషయము తెలిసికొనుట, ఎన్నుకొనుట, తమ మాట వినబడుట. నేడు ప్రపంచమున ఆ తేదీని వినియోగదారుల హక్కుల దినముగా జరుపుచున్నారు. మన పార్లమెంటు 1986లో వినియోగదారుల రక్షణ చట్టమును చేసెను. డిసెంబరు 24వ తేదీన దానికి రాష్ట్రపతి ఆమోదము లభించినది. అందువలననే ఆ దినము మనకు జాతీయ వినియోగదారుల దినమైనది. ఆ చట్టము స్థానమున 2019లో క్రొత్త చట్టము చేయబడి, 2020 జులైనుండి అమలులోనికి వచ్చినది. ఇప్పుడు నడచుచున్నది ఇదియే.

ఈ చట్టములో “లోపము” అను మాటకు ఇచ్చిన అర్థమును మీరు శ్రద్ధగా గమనింపవలెను. వస్తువు యొక్క నాణ్యత, పరిమాణము, శక్తి, శుద్ధి, ప్రమాణములలో దేనియందైనను ఉండదగని కొరత లోపమగును. ఉండదగినది ఎంతయని నిర్ణయించునది ఏది? చట్టము కావచ్చును, పైకి చెప్పినదైనను చెప్పనిదైనను ఒప్పందము కావచ్చును, వ్యాపారి ఏ విధముగానైనను తన సరకును గూర్చి చెప్పుకొన్న మాట కావచ్చును. ఈ నిర్వచనములో “వారంటీ కాలములో బయటపడినచో మాత్రమే” అను షరతు లేదు. “తరతరములు మన్నును” అని ప్రకటనలో వేయించిన కంపెనీ ఆ మాటకు కొంత జవాబు చెప్పవలసియుండును. కనుక వస్తువును కొన్ననాటి ప్రకటన కాగితమును దాచుకొనుట వెఱ్ఱితనము కాదు.

అటులని చెడిన ప్రతి వస్తువునకును కంపెనీ బాధ్యత వహింపవలెనని అర్థము కాదు. యంత్రములకును బాల్య, యౌవన, వార్ధక్యములు కలవు. ఇంజనీర్లు యంత్రముల వైఫల్యమును ఒక రేఖగా గీసినపుడు అది స్నానపు తొట్టె ఆకారమున వచ్చును. తయారీలో దోషమున్నవి మొదటి కాలమునందే ఎక్కువగా చెడును. తరువాత చాలకాలము వైఫల్యములు తక్కువగా నుండి రేఖ సమముగా సాగును. చివరకు అరుగుదల వలన మరల పైకి లేచును. పండ్రెండేండ్లు పనిచేసి ఆగిన ఫ్రిజ్జును గూర్చి ఎవరును ఫిర్యాదు చేయరు. పదునాలుగవ నెలలో ఆగినది వార్ధక్యముచేత ఆగినదని ఎవరును నమ్మరు. ఆస్ట్రేలియాలో 2011 జనవరినుండి అమలులోనున్న చట్టము, వస్తువు సహేతుకమైన కాలము మన్నవలెనని స్పష్టముగా చెప్పుచున్నది. కంపెనీ వారంటీ అంతకు తక్కువైనను ఆ హక్కు పోదు. మన చట్టములో అంత విప్పి చెప్పిన మాట లేదు. ఇచ్చట కొనుగోలుదారుడు లోపమును నిరూపింపవలెను. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

తెనాలి గృహిణి ఫ్రిజ్జునే చూడుడు. “గ్యాసు అయిపోయినది” అని మెకానిక్కు చెప్పినాడు గదా! వంటగ్యాసు మండుటచేత ఖర్చగును. ఫ్రిజ్జులోని గ్యాసు ఖర్చగునది కాదు. కంప్రెసరు దానిని నొక్కి పంపును; వెనుకనున్న తీగచుట్టల వంటి గొట్టములలో అది వేడిని బయటకు విడిచి ద్రవమగును; వెండ్రుకవంటి సన్నని నాళముగుండ పోయి, లోపలి గొట్టములలో మరల ఆవిరియై, అచ్చటి వస్తువుల వేడిని గ్రహించును; తిరిగి కంప్రెసరును చేరును. ఈ మార్గమంతయు అతుకులువేసి మూయబడినది. సరిగా మూసియున్నచో అదే గ్యాసు ఆ ఫ్రిజ్జు ఉన్నంతకాలము తిరుగుచుండును. తగ్గినదనగా ఎచ్చటనో కారినదన్నమాట. కావున “గ్యాసు తగ్గినది” అనుట జబ్బు పేరు కాదు, జ్వరమున్నదని చెప్పుట వంటిది. “ఎచ్చట కారుచున్నది? ఏల కారుచున్నది?” అని అడుగవలెను.

కర్మాగారమున వేసిన అతుకు దగ్గర కారుచున్నచో, ఆ లోపము కొన్ననాడే దానిలో నున్నది. పదవనెలలో బయటపడినను పదునాలుగవ నెలలో బయటపడినను పుట్టుక ఒక్కటే. పేరుకొనిన మంచును కత్తితో గీకుటవలన గొట్టమునకు చిల్లిపడినచో తప్పు మనదే. అట్టిది వారంటీ ఉన్నపుడును చెల్లదు. ఇక కాకినాడ, మచిలీపట్నము వంటి తీరప్రాంతముల ఊళ్లలో ఉప్పుగాలికి లోహము త్వరగా తుప్పుపట్టును. అపుడు అది ఎవరి లోపమో తేల్చుట సులభము కాదు. కారుచున్న చోటును వెదకి అతుకకుండ గ్యాసు మాత్రము నింపినవాడు మరమ్మతు చేయలేదు, రోగమును నాలుగు నెలలు వాయిదావేసినాడు. ఆ నాలుగు నెలలలో వారంటీ గడువు తీరినది!

గీజరు విషయమున న్యాయము కొంత వేరుగా నుండును. మన పల్లెలలోను పట్టణములలోను బోరునీటిలో లవణములు మెండు. నీటితొట్టిని తుప్పునుండి కాపాడుటకు గీజరులో సాధారణముగా ఒక మెగ్నీషియము కడ్డీని అమర్చుదురు. తొట్టికి బదులు అది తాను కరగిపోవుచుండును. దానిని అప్పుడప్పుడు మార్పింపవలెనని యంత్రముతో వచ్చిన చిన్నపుస్తకములో వ్రాయబడియుండును. ఆ పుస్తకమును విప్పి చూడనివాడు, కడ్డీ పూర్తిగా కరగి తొట్టి చిల్లిపడినపుడు కంపెనీని నిందించిన ఫలము లేదు. ఆ సంగతి ఆ పుస్తకములో అసలు చెప్పకుండినచో మాత్రము నింద కంపెనీది.

ఇప్పుడు నిరూపణ సంగతి. వారంటీ నడచుచుండగానే ఒకసారి ఫిర్యాదుచేసిన జబ్బే గడువు తీరినపిదప తిరిగివచ్చుట కొనుగోలుదారునకు బలమైన సాక్ష్యము. అది అప్పుడే యున్నదనియు, వారు దానిని నిజముగా తీర్చలేదనియు అందువలన తెలియును. తెనాలి గృహిణికి ఆ బలము కలదు. అయితే పదవనెలలో మెకానిక్కు వచ్చినట్లు కాగితమేమైనను ఉన్నదా? ఫోనులో వచ్చిన ఫిర్యాదు సంఖ్యయైనను మిగిలియున్నదా? మెకానిక్కు వచ్చిన ప్రతిసారి తేదీ, జబ్బు, చేసిన పని వ్రాసిన చీటీని అడిగి పుచ్చుకొనవలెను. ఇది మర్యాద తప్పుట కాదు. బిల్లు కాగితముమీది అక్షరములు ఏడాదిలో వెలిసిపోవుచుండును గనుక కొన్ననాడే దానికి ఫోటో తీసి యుంచుట మేలు.

గడువు తీరినపిదప డబ్బిచ్చి బాగుచేయించుకొన్నచో మరియొక హక్కు క్రొత్తగా పుట్టును. దీనిని చాలమంది ఎరుగరు. మీరు వెల యిచ్చి సేవను కొన్నారు. ఆ సేవలో కొరతయున్నచో అదియు ఫిర్యాదునకు తగినదే. కనుక పని మొదలుపెట్టకముందే ఖర్చెంతయగునో వ్రాసి యిమ్మని అడుగవచ్చును. మార్చిన పాతభాగమును ఇచ్చి వెళ్లుమని అడుగవచ్చును. క్రొత్తభాగమునకు ఎన్నినెలల పూచీయో బిల్లుమీద వ్రాయింపవచ్చును. అమ్మిన సరకునకుగాని చేసిన సేవకుగాని బిల్లు ఇయ్యకుండుట 2019 చట్టము ప్రకారము అనుచిత వ్యాపారపద్ధతి. “బిల్లు వద్దన్నచో 200 తగ్గింతును” అనువాని మాటకు లోబడి ఆ 200లకు మనము మన సాక్ష్యమునే అమ్ముకొనుచున్నాము.

చెడిన యంత్రము ఊరక ఆగుట ఒక యెత్తు. ప్రేలుట, అంటుకొనుట మరియొక యెత్తు. నేటి ఫ్రిజ్జులలో పెక్కింటియందు ఐసోబ్యూటేను అను గ్యాసు వాడబడుచున్నది. అది ఓజోను పొరకు హాని చేయదు గాని నిప్పు తగిలిన మండును. తయారీలోనో, రూపకల్పనలోనో దోషముండి, దానివలన మనుష్యులకుగాని ఇతర ఆస్తికిగాని హాని కలిగినచో, 2019 చట్టము తయారీదారుపై ప్రత్యేకమైన బాధ్యతను మోపినది. ఇది వస్తువు వెలకు సంబంధించినది కాదు, జరిగిన హానికి సంబంధించినది. సరియైన వాడుకను, ప్రమాదమును గూర్చి తగిన హెచ్చరిక చేయకుండుట కూడ ఈ బాధ్యతలో చేరును.

ఇక పోవలసినది ఎచ్చటికి? మొదట కంపెనీకి వ్రాతమూలకముగా తెలుపుట మంచిది. ఫోనులో చెప్పిన మాట గాలిలో పోవును. 1915 అను సంఖ్యకు ఫోను చేసినచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము పలుకును. అది తీర్పు చెప్పదు గాని కంపెనీకి మన మాటను చేర్చును. పెక్కు వివాదములు ఆ మెట్టునందే తీరుటకు వీలున్నది. తీరనపుడు జిల్లా వినియోగదారుల కమిషను కలదు. వెల 50 లక్షల రూపాయల వరకు గల వివాదములు అచ్చటనే విచారింపబడును. 5 లక్షల వరకు ఫిర్యాదు రుసుమే లేదు. కంపెనీ ముఖ్యకార్యాలయము ముంబయిలో నున్నను ఢిల్లీలో నున్నను మనము అచ్చటికి పోనక్కరలేదు. మన నివాసమున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. ప్లీడరు ఉండితీరవలెనను నియమము లేదు. కొన్నవాని అనుమతితో వస్తువును వాడుచున్నవారును చట్టదృష్టిలో వినియోగదారులే. కనుక బిల్లు భర్త పేరనున్నను భార్య ఫిర్యాదు చేయవచ్చును.

వివాదకారణము పుట్టిన నాటినుండి 2 సంవత్సరములలోపల ఫిర్యాదు దాఖలు కావలెను. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నించు అధికారము కమిషనునకు ఉన్నది గాని దానిని నమ్ముకొని కూర్చుండరాదు. పరీక్షింపనిదే తేలని లోపమైనచో కమిషను వస్తువును ప్రయోగశాల పరీక్షకు పంపగలదు. సాధారణముగా 45 దినములలో నివేదిక రావలెను. పరీక్షకగు రుసుమును ముందుగా కట్టుమని ఫిర్యాదుదారుని కోరవచ్చును. లోపము రుజువైనచో బాగుచేసి యిమ్మనియో, మార్చి యిమ్మనియో, వెల తిరిగి చెల్లింపుమనియో, నష్టపరిహారము నిమ్మనియో ఆజ్ఞాపించును. రుజువు కాకున్నచో ఫిర్యాదు వీగిపోవును. గడువు తీరినతరువాత వచ్చిన ఫిర్యాదులలో, లోపము మొదటినుండియు ఉన్నదని చూపలేనివి నిలుచుట కష్టము. ఈ సంగతిని దాచి హక్కులను గూర్చి మాత్రమే గొప్పగా చెప్పుట విద్యార్థులను మోసగించుటయే యగును.

ఇక తెనాలి గృహిణి వద్దకు వత్తము. ఆమెకు ఎదురగు కష్టము పుస్తకములలో కనబడునది కాదు. నడివేసవి. ఫ్రిజ్జు లేనిదే పాలు విరుగుచున్నవి. 4,000 ఇచ్చి బాగుచేయించినచో కారుచున్న అతుకు మూసుకొనిపోవును, దానితో సాక్ష్యమును పోవును. బాగుచేయించకున్నచో నెలలతరబడి ఫ్రిజ్జు లేకుండ గడపవలెను. రెండింటికిని నడుమ మార్గమొకటి కలదు. మరమ్మతునకు ముందే, కంపెనీతో సంబంధములేని వేరొక నేర్పరియైన మెకానిక్కును పిలిపించి, గ్యాసు కారుచున్న చోటును వెదకించి, ఆ చోటికి ఫోటో తీసి, “ఫలాని అతుకువద్ద కారుచున్నది, బయటి దెబ్బ గుర్తులు లేవు” అని కనబడిన సంగతిని ఉన్నదున్నట్లు తేదీతో, సంతకముతో వ్రాయించి పుచ్చుకొనవలెను. అదే దినమున కంపెనీకి లేఖ వ్రాసి, “మీరు వచ్చి చూచుటకు 7 దినములు వ్యవధి ఇచ్చుచున్నాను, అటుపిమ్మట బాగుచేయించుకొని ఖర్చు మీనుండి కోరుదును” అని తెలుపవలెను. వారు వచ్చినచో మంచిదే. రాకున్నచో ఆ లేఖ నకలు, మెకానిక్కు నివేదిక, ఫోటోలు, పదవనెలనాటి ఫిర్యాదు సంఖ్య, మరమ్మతు బిల్లు అన్నియు ఒక కవరులో పెట్టుకొని ఆమె గుంటూరులోని జిల్లా కమిషనునకు పోవచ్చును.